వేరుశనగ పుట్టుక గురించి దాని డీఎన్‌ఏ ఏం చెప్పింది?

వేరుశనగ పూసేది నేలపైన, కాసేది నేల కింద. పువ్వు వాడాక ఊడ సాగి మట్టిలోకి దిగుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది. అందుకే గింజ తల్లిమొక్క మొదలు దాటి పెద్దగా పోదు. అడవి వేరుశనగ మహా అయితే ఏడాదికి మీటరు మేర పాకుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

సాగులో ఉన్న వేరుశనగకు 40 క్రోమోజోములు. దాని అడవి చుట్టాల్లో చాలావాటికి 20 మాత్రమే. రెండు జాతులు సంకరమై, రెండింటి క్రోమోజోములూ ఒకే మొక్కలో నిలిచిపోయాయన్నమాట. ఈ రెండు సెట్లూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, చదివిన డీఎన్‌ఏ ముక్క ఏ సెట్టుదో తేల్చడం తలనొప్పి వ్యవహారం. దాంతో శాస్త్రవేత్తలు ముందు తల్లిదండ్రులని అనుమానించిన అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్ అనే అడవి జాతుల జీనోమ్‌లు, అంటే మొత్తం డీఎన్‌ఏ, చదివి 2016లో ప్రకటించారు.

ఇపాయెన్సిస్ డీఎన్‌ఏ, పంటలోని ఒక సెట్టుతో 99.96 శాతం సరిపోయింది. వేరు జాతి అంటున్నామే గానీ, ఇది దాదాపు జన్మదాతే. ఉన్న కాస్త తేడాను బట్టి లెక్కేస్తే అవి విడిపోయి సుమారు 9,400 ఏళ్లు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ మొక్క దొరికిన చోటు. దాని దగ్గరి బంధువులన్నీ ఎంతో ఉత్తరాన ఉంటే, అదొక్కటీ బొలీవియా దక్షిణాన, డ్యురానెన్సిస్ పెరిగే ప్రాంతంలో దొరికింది. మీటరు మీటరుగా పాకే మొక్క అంత దూరం ఎలా వచ్చింది? మనుషులే గింజలు మోసుకొచ్చి ఉంటారని పరిశోధకుల అంచనా. అప్పటికే దక్షిణ అమెరికాలో మనుషులు ఉన్నారు కాబట్టి కాలం కూడా కుదురుతోంది.

2019లో పంట జీనోమే పూర్తిగా చేతికొచ్చింది. పంట అంతా ఒకే ఒక్క సంకరం నుంచి పుట్టిందని అది సూచిస్తోంది. మరి ఇన్ని రకాలు ఎక్కడివి? అదే బృందం ఆ రెండు అడవి జాతులనూ మళ్లీ సంకరం చేసి చూసింది. తరాలు గడిచేకొద్దీ కొన్ని మొక్కల్లో నారింజ రంగు పూలకు బదులు పసుపు పూలు వచ్చాయి. రెండు సెట్ల మధ్య అప్పుడప్పుడూ ముక్కలు చేతులు మారుతుంటాయి, వైవిధ్యం కొంత అలా పుట్టింది.

కొంతే. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను గట్టిగా తట్టుకునే జన్యువులు ఇప్పటికీ ఎక్కువగా అడవి జాతుల్లోనే ఉన్నాయి. వాటిని పంటలోకి తేవాలంటే మళ్లీ సంకరమే దారి. కాకపోతే ఇప్పుడు జీనోమ్ చేతిలో ఉంది. కావలసిన ముక్క పడిందో లేదో, తెగులు వచ్చేదాకా ఆగకుండా, మొలక ఆకులోంచే చూసుకోవచ్చు.