మీ బెంగాల్ పిల్లి బొచ్చు ఎందుకు రాలుతోందంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

“తాతయ్యా, మా పిల్లి సోఫా నిండా బొచ్చు రాలుస్తోంది. బెంగాల్ పిల్లులకి రాలదన్నారు కదా, దీనికేమైనా జబ్బా?” అని డాలస్ నుంచి చిన్నది అడిగింది. ఇది మార్చి నెల. పిల్లిని పెంచుతున్న మీ అందరికీ ఈ అనుమానం వచ్చే ఉంటుంది కాబట్టి, అందరికీ కలిపి రాస్తున్నాను.

జబ్బేమీ కాదమ్మా. బొచ్చున్న పిల్లి ఏదైనా రాలుస్తుంది. బెంగాల్ పిల్లి అంటే చిరుతమచ్చలుండే ఒక పెంపుడు జాతి. దాని బొచ్చు పొట్టిగా, ఒత్తుగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది కనుక రాలేది తక్కువగా కనబడుతుంది. దాన్ని చూసి “వీటితో తుమ్ములు రావు” అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. తుమ్ములు తెప్పించేది పిల్లి లాలాజలంలోనూ చర్మపు జిడ్డులోనూ ఉండే ఒక ప్రోటీను. అది బెంగాల్ పిల్లికీ ఉంటుంది.

మా చిన్నతనంలో పల్లెల్లో పూరిళ్లే ఎక్కువ. ఎండాకాలం చివర, తొలకరి పడకముందే, కప్పు మీద చివికిన గడ్డి లాగి కింద పడేసి కొత్త గడ్డి నేసేవారు. ఆ నాలుగు రోజులూ వాకిలి నిండా చెత్తే. కొత్తవాళ్లు చూస్తే ఇల్లు కూలుతోందనుకుంటారు, నిజానికి అది బాగుపడుతోంది. మీ పిల్లి ఒళ్లు కూడా ఇప్పుడు అలా కప్పు మార్చుకుంటోంది. ఇంటివాళ్లు మబ్బు చూసి పని మొదలుపెడితే, పిల్లి పగటి పొడవు చూసి మొదలుపెడుతుంది. డాలస్‌లో డిసెంబరులో పగలు సుమారు 10 గంటలు, జూన్‌లో 14 గంటలు దాటుతుంది. హైదరాబాదులో ఆ తేడా రెండు గంటలే, 11 నుంచి 13. అందుకే మీ ఊళ్లో వసంతం రాగానే ఒక్కసారిగా రాలుతుంది. రాత్రి దాకా దీపాలు వెలిగే ఇంట్లో ఉండే పిల్లికి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది.

పిల్లకూనని తెచ్చుకున్నవాళ్లకి ఇంకో బెంగ ఉంటుంది. పుట్టినప్పుడు స్పష్టంగా ఉన్న మచ్చలు నెల తిరిగేసరికి బూడిద రంగు నూగులో మసకబారతాయి. కంగారు పడకండి. నాలుగైదు నెలలకి ఆ నూగు పోయి మచ్చలు మళ్లీ తేలతాయి.

ఇక మీరు చేయాల్సింది. మెత్తని రబ్బరు బ్రష్ గానీ, రబ్బరు బొడిపెలున్న చేతి తొడుగు గానీ చాలు. మామూలు రోజుల్లో వారానికి ఒకసారి, ఇప్పుడు రెండు మూడు సార్లు, ఐదేసి నిమిషాలు. పిల్లి తిని, ఆడి, అలసి పడుకున్నప్పుడు మొదలుపెట్టండి. ముందు గడ్డం కింద, చెంపల మీద. అక్కడైతే దానికి హాయి. తర్వాత మెడ నుంచి తోక మొదలు దాకా, ఆపైన పక్కలు. పొట్ట ఆఖరున, అదీ ఒప్పుకుంటేనే. గడ్డి వాలు ఎటుంటే నీళ్లు అటే జారతాయి కదా, బ్రష్ కూడా ఎప్పుడూ బొచ్చు వాలుకే నడవాలి. చివర అరచెయ్యి కాస్త తడి చేసుకుని తల నుంచి తోక వైపు నిమరండి. ఊడి పైన నిలిచిపోయిన వెంట్రుకలన్నీ చేతికి అంటుకొస్తాయి. తోక విదిలించినా, చెవులు వెనక్కి పెట్టినా వెంటనే వదిలేయాలి. దానికి ఇష్టంలేని పని బలవంతంగా చేయకూడదు.

ఉక్కు పళ్ల దువ్వెనలు గట్టిగా లాగితే పొట్టి బొచ్చు తెగుతుంది, చర్మం గీరుకుంటుంది. అవి వద్దు. వేసవి వచ్చిందని గొరిగించడమూ వద్దు, కప్పు లేని ఇంటికి ఎండా వానా రెండూ బాధే.

స్నానం అరుదుగా చాలు, ఒళ్లు జిడ్డుగానో మురికిగానో ఉన్నప్పుడే. చాలా బెంగాల్ పిల్లులకి నీళ్లంటే సరదా. అంతమాత్రాన తరచూ సబ్బు రుద్దితే చర్మం ఎండి చుండ్రు రాలుతుంది. పిల్లుల షాంపూనే వాడి, జారుడు పోయేదాకా కడగండి. టీ ట్రీ నూనె, కర్పూరం పిల్లికి విషం. కుక్కల ఒంటి పురుగులు చావడానికి అమ్మే పెర్మెత్రిన్ మందు చుక్కలు పిల్లికి వేస్తే ప్రాణమే పోవచ్చు. ఇది అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి.

కొత్త గడ్డి మంచిది కావాలంటే పొలం బాగుండాలి. వెంట్రుక దాదాపు అంతా ప్రోటీనే, పిల్లి మాంసాహారి. పెరుగన్నంతో దానికి బొచ్చు రాదు.

పిల్లి నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి, అందుకే నాకినప్పుడు ఊడిన బొచ్చు కడుపులోకి పోతుంది. ఎప్పుడైనా ఒక ఉండ కక్కితే ఫరవాలేదు. పదే పదే కక్కబోయి ఏమీ రాకపోయినా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

రాలడానికీ చిల్లు పడడానికీ తేడా తెలుసుకోండి. కప్పు ఒళ్లంతా పలచబడితే ఫరవాలేదు, ఒకచోట మాత్రం ఊడి చర్మం కనబడితే ఏదో పీకుతోందన్నమాట. గుండ్రంగా, పొట్టు లేస్తూ ఊడితే తామర కావచ్చు, అది మీకూ అంటుకుంటుంది. పొట్టో తొడలో నాకి నాకి నున్నగా చేసుకుంటే దురదో నొప్పో దిగులో ఉంటుంది. తోక మొదట్లో నల్లని రవ్వ కనబడితే తడిపిన తెల్ల కాగితం మీద రాల్చండి. ఎర్రగా ఊరితే అది బొచ్చులో దూరి రక్తం తాగే పురుగుల (ఫ్లీల) మలం, అందులో ఉన్నది మీ పిల్లి రక్తమే.

కొన్నింటి బొచ్చు ఎండలో బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. ఆ మెరుపుకి మన దేశంతో చుట్టరికం ఉంది. అడవిలో తిరిగే చిరుతమచ్చల చిన్న పిల్లినీ ఇంటిపిల్లినీ కలిపి ఈ జాతిని పెంచిన జీన్ మిల్ గారు, 1982 ప్రాంతంలో ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో ఖడ్గమృగాల ఆవరణలో తిరుగుతున్న ఒక మచ్చల ఊరపిల్లిని కాలిఫోర్నియాకి తెప్పించుకున్నారు. ఆ తళుకు దాని సంతతితోనే వచ్చిందని పెంపకందారులు చెబుతారు.

అదెలా మెరుస్తుందో నేను చెప్పడం కన్నా మీరు చూడడం మేలు. ఈసారి బ్రష్‌కి వచ్చిన బొచ్చు పారేయకండి. ముదురు మచ్చ మీది వెంట్రుక ఒకటి, మధ్యలోని లేత చోటుది ఒకటి తీసి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, కిటికీ ఎండలో భూతద్దంతో మొదలు నుంచి కొస దాకా చూడండి. రెండింటిలో రంగు ఎక్కడెక్కడ మారిందో బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య