ఇరుసు పగులు లెక్క ముహూర్తం పెట్టదు

కోరాపుట్‌లో మా ఇంటి వెనకే ట్రాక్. బైలడిల్లా ఖనిజంతో విశాఖకు దిగే గూడ్సు చప్పుడు వినబడిందా, మా తోడల్లుడు మొదలెడతాడు: "ఇరుసు ఎప్పుడు విరుగుతుందో కంప్యూటరే చెప్పేస్తుందట కదా అన్నయ్యా?" ఇరుసులకు అల్ట్రాసోనిక్ పరీక్ష (లోపలికి శబ్దతరంగాలు పంపి పగుళ్లు వెతకడం) చేయడమే నా పని కాబట్టి తప్పించుకోలేను.

అపోహ: బరువు ఎక్కువైతేనే ఇరుసు విరుగుతుంది, అదీ ముందు వంగి.

వాస్తవం: వ్యాగన్‌కు బేరింగులు చక్రాల బయట ఉంటాయి. బరువు ఆ చివరల మీద పడి, ఇరుసు నడుమ కంటికి కనబడనంత పైకి లేస్తుంది. పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. అరచుట్టు తిరిగితే పైది కిందికొస్తుంది. మీటరు వ్యాసం చక్రానికి కిలోమీటరుకు దాదాపు 318 చుట్లు. మా ట్రాక్ ఉన్న కొత్తవలస-కిరండూల్ లైను సుమారు 445 కిలోమీటర్లు. ఒక్కవైపు ప్రయాణానికే 1.4 లక్షల సార్లు ఈ లాగుడూ నొక్కుడూ! రాడ్డు పనివాళ్లు కట్టుతీగను అటూ ఇటూ వంచి తెంపుతారు చూడండి, కొంచెం అలాంటిదే. కాకపోతే ఇరుసు తిన్నగా ఉంటూనే తెగుతుంది. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ప్రమాదానికి కారణం ఇలా విరిగిన ఇంజను ఇరుసే.

అపోహ: గట్టి ఉక్కు వాడితే సరి.

వాస్తవం: పగులు మొదలయ్యాక అది పెరిగే వేగంలో రకరకాల ఉక్కులకు పెద్ద తేడా ఉండదు. పైగా గట్టి ఉక్కుకు గీతలన్నా తుప్పు గుంటలన్నా మరీ సున్నితం, పగులు అక్కడే మొదలవుతుంది. మా వానల్లో పెయింటు లేచిన ఇరుసు కనబడితే నాకు అదే టెన్షన్.

అపోహ: ఫార్ములాతో విరిగే రోజు తెలుస్తుంది.

వాస్తవం: ఆ ఫార్ములా పారిస్ సూత్రం. ఊరి పేరు కాదు, 1960ల్లో దాన్ని ఇచ్చిన ఇంజనీరు పాల్ పారిస్ పేరు. ఉక్కుకు దాని ప్రకారం, మిగతావన్నీ అలాగే ఉండి పగులు లోతు రెట్టింపైతే పెరిగే వేగం సుమారు 2.8 రెట్లవుతుంది. ఒత్తిడి 20 శాతం పెరిగితే 1.7 రెట్లు. చక్రం ఒకచోట చదునుగా అరిగినా, ట్రాక్ బాగోకపోయినా ఆ ఒత్తిడి మారిపోతుంది. విచిత్రమేమిటంటే, ఒక్క పెద్ద దెబ్బ తగిలాక పగులు కొన్నాళ్లు నెమ్మదించొచ్చు కూడా. ఇక తేదీ ఎక్కడిది? మా పరికరానికి చిక్కేంత పగులు, విరిగేంత కావడానికి ఎన్ని కిలోమీటర్లు పడుతుందన్నదే లెక్క. ఆ దూరంలో రెండు మూడు తనిఖీలైనా పడేలా గడువు పెట్టుకోవాలి.

అపోహ: స్క్రీన్ మీద ఏమీ రాలేదంటే పగులు లేనట్టే.

వాస్తవం: చిన్న పగులు ఒకసారి చిక్కుతుంది, ఒకసారి చిక్కదు. చక్రం బిగించిన చోట, రాపిడి వల్ల పుట్టేది మరీ మొండిది. ఒక జూలైలో ఇరుసు చివర ప్రోబ్ (తరంగాలు పంపే ముక్క) పెడితే సిగ్నల్ ఊగుతోంది. గ్రీజు తుడిచి, ఆయిల్ మళ్లీ రాసి, ప్రోబ్ కాస్త జరిపాను. నిలబడింది. చక్రం ఊడదీసి అయస్కాంత పరీక్ష చేస్తే, పగులు దగ్గర పోగయ్యే నల్లపొడి వెంట్రుకంత గీతగా పేరుకుంది. రిజిస్టర్ తిరగేశాం. కిందటి తనిఖీలో ఆ ఇరుసు పక్కన 'ఓకే' అని రాసి ఉంది. చేతిరాత నాదే.