పియోనీ పూయని చోట మందార రకాల సేకరణ

పియోనీ పూవును ఫోటోలో చూసినా చాలు, అలాంటి మొక్క ఒకటి మన పెరట్లో ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అరచేయంత వెడల్పున, పొర మీద పొరగా విచ్చుకునే ఆ గులాబీ, తెలుపు, ముదురెరుపు రేకులకు అంతటి ఆకర్షణ ఉంది. దాని దుంపవేర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతున్నాయి కూడా. అయితే గుంటూరులోనో విజయవాడలోనో నాటిన పియోనీ, ఎంత శ్రద్ధగా చూసుకున్నా, నాలుగు ఆకులు వేసి ఆగిపోతుంది తప్ప పూయదు. మన వేసవి తీవ్రతే ఇందుకు కారణమని చాలామంది అనుకుంటారు. వేసవి పాత్ర కొంత ఉన్నా, అసలు లోపం మన చలికాలంలో ఉంది.

ఏటా కాండం ఎండిపోయి వేరు మాత్రమే బతికి ఉండే పియోనీల్లో, మరుసటి ఏడాది పూలకు కావలసిన మొగ్గలు శరదృతువు నాటికే నేలమట్టానికి కాస్త దిగువన తయారై నిద్రావస్థలోకి వెళతాయి. ఆ నిద్ర వీడాలంటే వాటికి కొన్ని వారాల పాటు 5 డిగ్రీల లోపు చలి తగలాలి. అప్పుడే నిద్రను నిలిపి ఉంచే హార్మోన్ల ప్రభావం తగ్గి, ఎదుగుదలను ప్రేరేపించే జిబ్బరెల్లిన్లు పెరిగి, వసంతంలో మొగ్గ పైకి వస్తుంది. హిమాలయాల పశ్చిమ భాగాన మన దేశపు సొంత పియోనీ జాతి ఒకటి అడవుల్లోనే పెరుగుతోంది. దానికి ఆ చలి అక్కడ పుష్కలంగా దొరుకుతుంది. విజయవాడలో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత కూడా 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. కుండీలో మంచుగడ్డలు వేయడం, దుంపలను ఫ్రిజ్‌లో పెట్టి తీయడం వంటి ఉపాయాలతో ఒక ఏడాది పూయించగలిగినా, ఆ తర్వాత వచ్చే మే నెల వేడికి మొక్క నిలవదు. అందువల్ల ఈ రెండు ఊళ్లలో పియోనీ కోసం డబ్బు ఖర్చు చేయవద్దనే నేను చెబుతాను.

అయితే పియోనీ సేకర్తల దగ్గర మనం నేర్చుకోదగిన విషయం ఒకటుంది. 1851లో ఫ్రాన్సులో వెలువడిన ‘ఫెస్టివా మాక్సిమా’ అనే తెల్ల పియోనీ నేటికీ తోటల్లో పూస్తోంది. అది గింజల ద్వారా తరతరాలుగా వచ్చినది కాదు. మొదట మొలిచిన ఒకే ఒక మొక్క వేరును ముక్కలు చేసి పంచుకుంటూ రాగా, ఈనాడు దేశదేశాల్లో ఆ పేరుతో ఉన్న మొక్కలన్నీ ఆ తొలి మొక్క శరీరంలోని భాగాలే. తోటపనిలో పేరున్న రకం అంటే సాధారణంగా ఇదే: గింజ నుంచి ఒక్కసారే పుట్టి, మనుషుల చేతుల మీదుగా బతుకుతున్న ఒకే ఒక జీవి. దాన్ని చివరి సేకర్త పోగొట్టుకుంటే మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఈ మాట పియోనీకి ఎంత వర్తిస్తుందో మన మందారానికీ అంతే వర్తిస్తుంది. గుంటూరు, విజయవాడల్లో రకాల సేకరణకు మందారాన్ని మించిన మొక్క లేదని నా నమ్మకం.

ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మకు, ఇంట్లో వినాయకుడికి ఎర్ర మందారం ఇష్టమైన పూవన్న భావనతో ఈ ప్రాంతంలో దాదాపు ప్రతి పాత ఇంటి గోడ పక్కనా ఒక మందార చెట్టు కనిపిస్తుంది. ఇక దాని బంధువుల మధ్యనే మనం బతుకుతున్నాం. గుంటూరు జిల్లా పేరు చెప్పగానే గుర్తొచ్చే గోంగూర మందారపు ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినదే. కోయకుండా వదిలేసిన గోంగూర మొక్క పూవును, నడుమ ముదురు మచ్చ ఉన్న ఆ లేత పసుపు పూవును, ఒకసారి దగ్గరగా చూస్తే ఈ చుట్టరికం తెలిసిపోతుంది. బెండను కూడా, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నెలకొల్పిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొదట మందారపు ప్రజాతిలోనే చేర్చాడు. నల్లరేగడి చేలలోని పత్తి, రోడ్ల పక్కనుండే గంగరావి చెట్టు కూడా ఈ కుటుంబానివే. వీటన్నిటి పూలలో కేసరాలు ఒక్కటిగా కలిసి గొట్టంలా ఏర్పడతాయి, ఆ గొట్టం మధ్య నుంచి కీలం బయటికి వస్తుంది. ఈ బంధుత్వం వల్ల కలిగే కష్టం సంగతి తర్వాత చెబుతాను.

మన ఎర్ర మందారానికి లిన్నేయస్ 1753లో చైనా గులాబి అన్న అర్థం వచ్చే శాస్త్రీయ నామం పెట్టాడు. కానీ చైనాలో గానీ మరెక్కడ గానీ ఇది అడవి మొక్కగా కనిపించలేదు. ఇటీవలి పరిశోధనలు దీన్ని పసిఫిక్ దీవుల్లోని రెండు జాతుల సంకరంగా భావిస్తున్నాయి. తూర్పు ఆఫ్రికా తీరానికి చెందిన, రేకులు చీలికలై జుంకాలా వేలాడే మందారం, హవాయి దీవుల సువాసన గల తెల్ల మందారం, హిందూ మహాసముద్రపు మస్కరీన్ దీవుల మందారం తర్వాతి కాలంలో దీనితో సంకరమయ్యాయి. 20వ శతాబ్దం మొదట్లో హవాయిలోను, ఆ తర్వాత ఫ్లోరిడా, ఆస్ట్రేలియాల్లోను ఔత్సాహికులు ఈ పనిని పెద్ద ఎత్తున సాగించారు. ఇప్పుడు కడియం నర్సరీల నుంచి లారీల్లో మన ఊళ్లకు వచ్చే పళ్లెమంత పూల మొక్కలు, ‘హైబ్రిడ్’ అన్న ఒక్క మాటతో అమ్ముడుపోయేవి, ఆ పరంపరకు చెందినవే.

ఇంత కలగలుపు జరిగిన మొక్క కాబట్టి దాని జన్యు సంపద కూడా అసాధారణమైనది. మందార రకాల మధ్య క్రోమోజోముల సంఖ్యే ఒకటిగా ఉండదని ఎఫ్. సింగ్, టి.ఎన్. ఖోషూ అనే శాస్త్రవేత్తలు 1970లో ప్రచురించిన పరిశోధన చూపించింది. మామూలుగా చాలా జీవులకు క్రోమోజోములు రెండేసి జతకట్టి ఉంటాయి. మందారంలో నాలుగు, ఆరు, ఎనిమిది, అంతకు మించిన ప్రతులు కూడా ఉండవచ్చు. ప్రతుల సంఖ్య బేసిగా ఉన్న రకాల్లో పుప్పొడి తయారయ్యేటప్పుడు పంపకం సమంగా జరగదు కాబట్టి గింజ కట్టదు. ఏళ్ల తరబడి పూస్తున్నా మన ముద్ద మందారానికి కాయ కనిపించకపోవడానికి ఇది ఒక కారణం కాగా, కేసరాలు రేకులుగా మారిపోవడం రెండోది. ముద్ద మందారాన్ని విడదీసి చూస్తే నడుమనున్న చిన్న రేకుల్లో కొన్నిటి అంచున ఇంకా పుప్పొడి తిత్తి అంటుకొని ఉంటుంది; అది సగం కేసరం, సగం రేకు. పూవులో ఏ వలయం ఏ అవయవంగా తయారు కావాలో నిర్ణయించే జన్యువుల్లో మార్పు వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది.

గింజ కట్టే రకాలతో సంకరం చేయడం మాత్రం ఎవరైనా ఇంట్లో చేయగల పని. మందారపు పుప్పొడి రేణువులు చాలా పెద్దవి, విడివిడిగా కంటికే కనిపిస్తాయి. ముళ్లలాంటి పొడవాటి మొనలుండి వేలికి అంటుకుపోతాయి. ఉదయం పూవు విచ్చిన తర్వాత ఒక రకం పుప్పొడిని మరో రకపు పూవులోని అయిదు ముఖమల్ బొడిపెల వంటి కీలాగ్రాలకు అద్ది, ఆ కాడకు దారంతో చీటీ కట్టాలి. ఫలదీకరణ జరిగితే పూవు రాలినా కాయ నిలుస్తుంది, నెలన్నర నుంచి రెండు నెలల్లో పండి అయిదు గదులుగా పగులుతుంది. మన ఊళ్లలో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం, ఎందుకంటే తీవ్రమైన వేడిలో పుప్పొడి సత్తువ కోల్పోతుంది. ఒకే కాయలోని గింజలు నాటినా ఏ రెండు మొక్కల పూలూ ఒకేలా ఉండవు. ఆ పూలలో చాలావరకు తల్లిదండ్రుల కన్నా గొప్పవి కావని కూడా చెప్పాలి. నచ్చినది ఒక్కటి వస్తే అదే కొత్త రకం. దాని పేరును నమోదు చేసే అంతర్జాతీయ బాధ్యతను ఆస్ట్రేలియా మందార సంఘం నిర్వహిస్తోంది.

నచ్చిన రకాన్ని నిలుపుకోవాలంటే గింజ పనికిరాదు, అంటు కట్టవలసిందే. కొత్త సంకర రకాల్లో చాలావాటికి వేరు వ్యవస్థ బలహీనంగా ఉంటుంది. నాటు ఎర్ర మందారం నల్లరేగడిలోనూ, బోరు నీటితోనూ తట్టుకొని నిలబడుతుంది కాబట్టి దాన్నే వేరు మొక్కగా వాడాలి. పెన్సిలు లావున్న నాటు కొమ్మను అడ్డంగా కోసి, మధ్యలో మూడు సెంటీమీటర్ల లోతున నిలువుగా చీల్చి, సంకర రకపు కొమ్మను రెండువైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించాలి. బెరడుకూ చెక్కకూ మధ్య తడిగా, జిగురుగా తగిలే పలుచని పొర ఒకటి ఉంటుంది. కేంబియం అంటే అదే. రెండు కొమ్మల లావు సరిపోకపోతే కనీసం ఒక పక్కనైనా ఆ పొరలు ఒకదానికొకటి ఆనాలి, అంటు అతికేది అక్కడే. పాలిథీన్ పట్టీతో గట్టిగా చుట్టి, పైన సంచి తొడిగి నీడలో ఉంచితే, అతికిన అంటుకు సుమారు మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది.

‘పసుపు మందారం కొన్నాను, రెండేళ్లకు ఎరుపు పూలు పూస్తోంది, మొక్క మారిపోయింది’ అనే ఫిర్యాదు మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. అలాంటి మొక్క మొదలు దగ్గర చూస్తే విషయం తెలుస్తుంది. అంటు ముడికి దిగువ నుంచి నాటు మందారపు కొమ్మ లేచి, తనకున్న బలంతో పైనున్న పసుపు రకాన్ని అణగదొక్కి ఉంటుంది. ముడికి కింద పుట్టే ప్రతి చిగురునూ లేతగా ఉండగానే గిల్లేయడమే దీనికి మందు. ఆకుల మీద తెలుపు, ఎరుపు మరకలుండే మందారంలో పూర్తి ఆకుపచ్చ కొమ్మ వచ్చినా ఇలాగే మొదలంటా కత్తిరించాలి, లేకపోతే పత్రహరితం ఎక్కువున్న ఆ కొమ్మే వేగంగా పెరిగి మొక్క మొత్తాన్ని ఆక్రమిస్తుంది.

రంగు విషయంలో మరో జాగ్రత్త అవసరం. మందారంలో ఎరుపు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల, పసుపు, నారింజ చాయలు ఎక్కువగా కెరోటినాయిడ్లు అనే వాటి వల్ల వస్తాయి. వేడి పెరిగితే ఆంథోసయనిన్ల తయారీ తగ్గుతుంది. డిసెంబరులో ఊదాగా కనిపించిన పూవు మేలో వెలిసిపోయినట్లు ఉండటం అందువల్లే. ఒకే రకాన్ని రెండు వేర్వేరు రకాలుగా పొరబడకుండా ఉండాలంటే, మొక్క వివరాలు రాసుకునేటప్పుడు పూవు రంగుతో పాటు నెలను కూడా రాయాలి.

మన నేల, నీరు తెచ్చే చిక్కు ఆకుల్లో కనిపిస్తుంది. మందారం కాస్త ఆమ్ల గుణమున్న మట్టిని ఇష్టపడుతుంది, గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిదేమో క్షార స్వభావం. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ముదురు ఆకులు పచ్చగానే ఉండి, కొత్త ఆకులు మాత్రం ఈనెలు తప్ప మిగతా భాగమంతా పసుపు రంగుకు తిరిగితే అది ఇనుము లోపమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు తేరుకుంటాయి. వేరుశనగ రైతులు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువు మాత్రం మందారానికి వేయకూడదు, అది ఇనుము లోపాన్ని మరింత పెంచుతుంది. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ కుండీలు ఏప్రిల్, మే ఎండకు కాగి వేళ్లను ఉడికిస్తాయి కాబట్టి, ఆ రెండు నెలలూ షేడ్‌నెట్ కింద ఉంచడం, వీలైతే ఆ కుండీని మట్టి తొట్టెలో దించడం మేలు.

ఇక చుట్టరికం తెచ్చే కష్టం. పత్తి, బెండ, మందారం ఒకే కుటుంబానివి కావడంతో వాటి పురుగులు కూడా చాలావరకు ఒకటే. తెల్లదోమ, పిండినల్లి చేలలోనూ ఉంటాయి, మన మిద్దెల మీదికీ వస్తాయి. మందారపు చిగురు ముడుచుకుపోయి గుత్తిలా తయారైందంటే దాన్ని విప్పి చూడాలి. ఆకు కాడల సందుల్లో తెల్లని మైనపు పొడి, దాని కింద గులాబీ రంగు మెత్తని ఒళ్లు కనిపిస్తాయి. అంతకు ముందే కాండం వెంట ఎక్కుతూ దిగుతూ ఉండే చీమల బారు పిండినల్లి వచ్చిందని చెబుతుంది, ఎందుకంటే అది విసర్జించే తియ్యని ద్రవం కోసం చీమలు దాన్ని శత్రువుల బారి నుంచి కాపాడతాయి. కాబట్టి మొదట చీమలను ఆపాలి, తర్వాత చిగురును కత్తిరించి సబ్బు నీటిలో ముంచేయాలి. పిండినల్లిని తినే ఒక జాతి అక్షింతల పురుగును 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్లపురుగు కూడా ఒంటి నిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది కాబట్టి, చంపే ముందు ఒక్క క్షణం ఆగి గమనించాలి. చురుగ్గా నడుస్తున్నది పిండినల్లి కాదు, దాన్ని తినే పురుగు.

సేకరణ అంటే మొక్కల సంఖ్య పెంచుకోవడమని కొందరు భావిస్తారు. పేరు, వచ్చిన చోటు, అంటు కట్టిన నెల రాసి ఉన్న పది మొక్కలు, పేరు తెలియని వంద మొక్కల కన్నా విలువైనవని నేను అనుకుంటాను. పేరు చీటీని ప్లాస్టిక్ మీద మార్కర్‌తో రాస్తే మన ఎండకు ఏడాది తిరక్కముందే చెరిగిపోతుంది. పలుచని అల్యూమినియం రేకు మీద మొనదేలిన మేకుతో గీసి రాసి, కుండీకి కాకుండా కాండానికే వదులుగా కట్టాలి. ప్రతి రకానికి రెండో అంటు ఒకటి కట్టి, దాన్ని ఇంకొకరి ఇంట్లో ఉంచాలి. గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి ఉంటే, ఒక మిద్దె మీద నీళ్లు పోసేవారు లేక వేసవిలో ఎండిపోయిన రకాన్ని, వానలు పడి కొమ్మలు సాగిన తర్వాత రెండో ఇంటి నుంచి తెచ్చుకొని మళ్లీ కట్టుకోవచ్చు.