"నైట్ డ్యూటీ అలవాటే సార్" అనేవాళ్ల కోసం

నిన్న ఓపీలో మళ్ళీ అదే మాట. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే అన్న, నైట్ దిగి బైకు మీద బల్లార్షా వస్తూ వార్ధా బ్రిడ్జి దాటాక రోడ్డు దిగిపోయాడు, మోచెయ్యంతా చీరుకుపోయింది. నిద్ర పట్టిందా అన్నా అంటే "లే సార్, పదహారేండ్ల సంది నైట్ చేస్తున్న, నాకు అలవాటే" అన్నాడు. రోడ్డు ఎప్పుడు దిగాడో మాత్రం చెప్పలేకపోయాడు.

అపోహ: చెయ్యగా చెయ్యగా ఒంటికి నైట్ షిఫ్ట్ అలవాటైపోతుంది.

వాస్తవం: అవ్వదు. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో దాదాపు 20 వేల న్యూరాన్లతో (నరాల కణాలతో) ఒక గడియారం ఉంటుంది, దానికి టైం చెప్పేది ముఖ్యంగా వెలుతురే. పొద్దున 8కి గేటు బయటికి రాగానే మన చాందా (చంద్రపూర్) ఎండ కళ్లలో పడుతుంది, ఆ గడియారం తెల్లారిందనుకుని మళ్ళీ పగటివైపే తిరుగుతుంది, రోజూ నైటే చేసినా రోజూ ఇదే తంతు. పర్మనెంట్‌గా నైట్ చేసేవాళ్ల మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్) కొలిచిన స్టడీలన్నీ కలిపి 2008లో ఫోకార్డ్ అనే సైంటిస్టు చూస్తే, పూర్తిగా రాత్రికి మారినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. ఇక మన దగ్గర వారం వారం షిఫ్ట్ మారుతుంది, ఇంకెక్కడి అలవాటు?

"మరి నాకేం తెలుస్తలేదు కదా" అంటారు. అసలు భయం అక్కడే. 2003లో అమెరికాలో వాన్ డోంగెన్ బృందం కొంతమందిని 14 రోజులు రాత్రికి ఆరు గంటలో నాలుగు గంటలో మాత్రమే పడుకోనిచ్చి రోజూ పరీక్షలు పెట్టింది. లైటు కనపడగానే బటన్ నొక్కే పరీక్షలో రోజురోజుకీ దిగజారిపోయారు, చివరికి ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రే పోనివాళ్లలా అయ్యారు. వాళ్లనడిగితే మాత్రం కొంచెం మగతగా ఉంది అంతే అన్నారు.

ఇంకో లెక్క. పొద్దున 7కి లేచి, పగలు కునుకు తియ్యకుండా నైట్‌కి వెళ్లి, మర్నాడు 8కి బైకెక్కితే 25 గంటల మెలకువ. 24 గంటల మెలకువ అంటే పనితీరులో 100 మి.లీ. రక్తంలో 100 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నట్టేనని 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ చూపించారు. మన దేశంలో బండి నడపడానికి లిమిట్ 30. తాగి బైకెక్కితే ఇంట్లో గొడవ చేస్తాం కదా, మరి దీనికి ఎవరూ ఏమీ అనరెందుకు?

మా నాన్న కూడా గనిలోనే చేశారు. ఆయన నైట్ చేసి పడుకుంటే అమ్మ కుక్కర్ పెట్టేది కాదు, విజిల్‌కి లేస్తారని గిన్నెలోనే వండేది, మమ్మల్ని పక్కింటికి పంపేసేది. అయినా పన్నెండున్నరకల్లా లేచి కూర్చునేవారు, కళ్లెర్రగా, ఎవరు చప్పుడు చేశారని మా మీద కోపం. ఎన్నో ఏళ్లు అమ్మ అది తన తప్పే అనుకుంది. చప్పుడు, ఎండ వేడి కొంత కారణమే, కానీ పగలు ఒంటి ఉష్ణోగ్రత పెరుగుతూ ఉంటుంది, లోపలి గడియారమే లేపేస్తుంది. ఇది చదువుకున్నాక మొదట అమ్మకే చెప్పాను. ఇప్పుడు భర్తతో వచ్చి "ఎంత చూస్కున్నా ఈయనకు నిద్ర సాల్తలేదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకునే ఆడవాళ్లకీ అదే చెప్తా, మీ తప్పు కాదమ్మా.

చెయ్యగలిగింది ఉంది. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర పడుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. టీ షిఫ్ట్ మొదటి సగంలోనే, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. దిగాక కళ్లు బరువుగా ఉంటే గేటు దగ్గరే 20 నిమిషాలు కునుకు తీసి, కాస్త తేరుకున్నాకే బయల్దేరండి, వీలైతే వేరేవాళ్ల బండిలో రండి.

మిగతావి గబగబా. మందు తాగి పడుకుంటే నిద్ర తొందరగా పడుతుంది నిజమే, కానీ తర్వాతి సగం నిద్ర ముక్కలవుతుంది. గురక గాఢ నిద్రకి గుర్తు కాదు, మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్తే వెంటనే చూపించుకోండి, డ్రైవర్లయితే అస్సలు వాయిదా వెయ్యొద్దు. "గొప్పవాళ్లు నాలుగు గంటలే పడుకుంటారు" అనే వాట్సాప్ మెసేజ్ దయచేసి నాకు పంపకండి, పెద్దవాళ్లకి ఏడు గంటలైనా కావాలి.

ఆ అన్న రేపు డ్రెస్సింగ్‌కి వస్తాడు. తమ్ముణ్ణి బండి నడపమని చెప్పి పంపించా.