బస్ స్టాప్‌లో పార్కింగ్: "లోపల నేనున్నాను కదా గురూ" అనేవాళ్ళ కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను విశాఖలో సిటీ బస్సు నడుపుతాను, కొన్నాళ్ళుగా డిపోకి కొత్తగా వచ్చిన డ్రైవర్లని పక్కన కూర్చోబెట్టుకుని సిటీ రూట్లు అలవాటు చేసే పని కూడా నా మీదే పడింది. వాళ్ళకి గేర్లు, బ్రేకులు నేర్పక్కర్లేదు, అవి వచ్చే వస్తారు. నేర్పాల్సిందల్లా స్టాప్‌లో కారు అడ్డంగా ఉంటే బస్సు ఎక్కడ ఆపాలి, ఆ కారాయనతో గొడవ పెట్టుకోకుండా ట్రిప్పు ఎలా పూర్తి చేయాలి అనేదే. మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా ఏ స్టాప్‌లో చూసినా అవే మాటలు వినపడతాయి, చదువుకున్నవాళ్ళూ అవే అంటారు, చదువుకోనివాళ్ళూ అవే అంటారు. అందుకే ఒకసారి రాసి పెడితే అడిగినోళ్ళకి ఇదే పంపించేయొచ్చు అనిపించింది.

అన్నిటికన్నా పెద్ద అపోహతో మొదలెడతా.

అపోహ: బండిలో మనిషి కూర్చుని ఉంటే, నాలుగు ఇండికేటర్లూ వేసుకుంటే అది పార్కింగ్ కాదు. బస్సొస్తే తీసేస్తాం కదా.

వాస్తవం: ఇది ఎవరు పుట్టించారో గానీ వాళ్ళకో దండం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 122 అని ఒకటుంది, ఇతరులకి ప్రమాదం, అడ్డంకి, ఇబ్బంది కలిగేలా పబ్లిక్ ప్లేస్‌లో బండిని ఆగి ఉండనివ్వకూడదు అని అందులో చెప్తారు. ఆ సెక్షన్‌లో డ్రైవర్ సీటు ఖాళీగా ఉందా, ఇంజిన్ ఆన్‌లో ఉందా, ఏసీ తిరుగుతోందా అనే ప్రస్తావనే లేదు, బండి ఆగి అడ్డంగా ఉందా లేదా అంతే. ఇక 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో పార్కింగ్ చేయకూడని చోట్ల జాబితాలో బస్ స్టాప్ దగ్గర అని సూటిగానే ఉంది, స్కూలు గేటు, ఆసుపత్రి గేటు దానితో పాటే. ఇదేదో కొత్తగా తెచ్చిన రూల్ అనుకునేరు, అంతకుముందు 1989 నాటి రూల్స్‌లో కూడా ఈ ముక్క ఉంది. మనలో చాలామంది లైసెన్స్ తీసుకునేనాటికే అది అమల్లో ఉంది, ఎల్ఎల్ఆర్ పరీక్ష కోసం ఇవన్నీ బట్టీ పట్టి పాసయ్యాక అక్కడే వదిలేసి వచ్చాం.

నాలుగు ఇండికేటర్ల సంగతి. అవి బండి చెడిపోయిందనో, ముందు ఏదో ప్రమాదం ఉందనో వెనకొచ్చేవాళ్ళకి చెప్పడానికి ఇచ్చిన లైట్లు. అవి వేస్తే ఎక్కడైనా ఆపుకోవచ్చని ఏ ఆఫీసరూ రాసివ్వలేదు. నిజం చెప్పాలంటే అవి వెలుగుతుంటే నాకు ఇంకా చిక్కే, ఎందుకంటే కుడివైపు ఇండికేటర్ కూడా వెలుగుతోంది కాబట్టి ఆ కారు ఇప్పుడు బయటికొస్తుందా అక్కడే ఉంటుందా అనేది నాకు తెలిసి చావదు.

ఇక "బస్సొస్తే తీసేస్తా" అనే మాట. ఇది చెప్పేవాళ్ళు అబద్ధం ఆడట్లేదు, నిజంగానే తీసేద్దాం అనుకుంటారు, కానీ కుదరదు. ఎందుకు కుదరదో బస్సు సీట్లోంచి చెప్తాను వినండి. సిటీ బస్సు సుమారు 12 మీటర్ల పొడుగు. దాన్ని ఎడమకి తీసుకొచ్చి ఫుట్‌పాత్ పక్కన నిటారుగా నిలబెట్టాలంటే స్టాప్‌కి చాలా ముందే స్టీరింగ్ తిప్పడం మొదలవ్వాలి, తోక కూడా లోపలికి రావాలి కదా. అంటే స్టాప్‌లోకి వెళ్ళాలా, లేన్‌లోనే ఆపాలా అనే నిర్ణయం నేను దూరంగా ఉండగానే అయిపోతుంది. అప్పటికి మీరు ఫోన్‌లో ఉంటారు. నేను మీ కారుని చూసి రెండో లేన్‌లో ఆపేశాక మీరు అద్దంలో చూస్తారు. ఆ సరికి స్టాప్‌లో ఉన్న జనం మీ కారు ముందు నుంచి, వెనక నుంచి రోడ్డు మీదకొచ్చేసి ఉంటారు, మీ కుడిపక్కన నా బస్సు గోడలా నిలబడి ఉంటుంది. ఇప్పుడు మీరు తీద్దామన్నా ఎటు తీస్తారు?

"ఒక్క కారే కదా, ముందు బోలెడు ఖాళీ ఉంది, అక్కడ ఆపుకోవచ్చు కదా" అంటారు ఇంకొందరు. మీ కారు దాటాక ముక్కు ఎడమకి పెడితే ముందు డోర్ ఫుట్‌పాత్ దగ్గరికి వస్తుంది, వెనక డోర్ మాత్రం రోడ్డు మధ్యలోనే ఉంటుంది. ఫుట్‌పాత్ మీద నుంచి ఎక్కితే చిన్న మెట్టు, రోడ్డు మీద నుంచి ఎక్కితే అదే మెట్టు మోకాలెత్తు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని, చంకలో పిల్లాడున్న తల్లిని అడగండి ఆ తేడా ఏంటో. అదే కారు బస్సుకి ముందు ఉంటే ఇంకో ప్రమాదం. దాన్ని తప్పించుకుని బయటికి రావడానికి స్టీరింగ్ గట్టిగా కుడికి కోయాలి. ముక్కు కుడికి పోతుంటే వెనక చక్రాల తర్వాత ఉండే తోక ఎడమకి, అంటే ఫుట్‌పాత్ మీదకి ఊగుతుంది, అక్కడ తర్వాతి బస్సు కోసం మనుషులు నిలబడి ఉంటారు. కొత్త డ్రైవర్లకి నేను ముందు చూపించేది ఇదే, డిపో యార్డులో ఒక డబ్బా పెట్టి తోక దాన్ని ఎలా తన్నేస్తుందో చూపిస్తా. చూశాక ఎవడూ ఇరికించుకుని లోపలికి వెళ్ళడానికి సాహసించడు.

కాబట్టి సిటీ బస్సు డ్రైవర్లు బద్ధకంతో రోడ్డు మధ్యలో ఆపుతారు అనేది సగం అపోహ. సగమే అంటున్నా. స్టాప్ ఖాళీగా ఉన్నా మధ్యలో ఆపే మహానుభావులు మాలో ఉన్నారు, వాళ్ళని వెనకేసుకు రాను.

ఇదంతా ఎవరికి చుట్టుకుంటుందంటే, కారాయనకి కాదు, నాకూ కాదు. ఒక ఆసుపత్రి స్టాప్‌లో జరిగింది చెప్తా. పొద్దున్న ఓపీ టైము, స్టాప్‌లో తెల్ల కారు, నాలుగు లైట్లు వెలుగుతున్నాయి, లోపల ఆయన ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను పక్క లేన్‌లో ఆపాను. ఒక మామ్మగారు వెనక డోర్ దిగుతున్నారు, ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో రిపోర్టులూ మందులూ ఉన్న గుడ్డ సంచి. కారుకీ బస్సుకీ మధ్య ఉన్న సందులోంచి బైకు దూరిపోయింది. ఎడమ అద్దంలో నాకు కనిపించేసరికే హ్యాండిల్‌కి సంచి తగులుకుని లాగేసింది, ఆవిడ మోకాళ్ళ మీద పడిపోయారు. కండక్టర్ దూకి లేపాడు. టాబ్లెట్ షీట్లన్నీ టైరు పక్కన పడి ఉంటే ఆవిడ తన దెబ్బ చూసుకోకుండా "ఆ తెల్లవి బీపీవి బాబూ, తొక్కకండి" అంటున్నారు. దేవుడి దయ, ఎముకలేమీ విరగలేదు. కారాయన అద్దం దించి నాతో అన్న మాట: "సైడ్‌కి ఆపొచ్చు కదా గురూ."

బస్సుకి ఎడమ పక్క నుంచి బైకు దూరడం కూడా తప్పే, దాని గురించి వేరే రాయాలి. కానీ ఆ సందు పుట్టిందే కారు వల్ల. బస్సు ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఆగితే ఏ బైకూ అటు వెళ్ళలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక ఆడవాళ్ళ రద్దీ బాగా పెరిగింది, పెద్దవయసు వాళ్ళు ఇదివరకు ఆటో ఎక్కేవాళ్ళు ఇప్పుడు బస్సుకొస్తున్నారు, అంటే స్టాప్‌లో ఎక్కే దిగే మనుషులు ఇంకా ఎక్కువ.

సరే, మిగతావి గబగబా.

"నో పార్కింగ్ బోర్డు లేదు కాబట్టి తప్పు కాదు." బోర్డు ఉంటే తప్పే, లేకపోయినా బస్ స్టాప్ దగ్గర తప్పే. రెగ్యులేషన్స్‌లో బోర్డు పెట్టిన చోట్లు అనేది వేరే అంశం, బస్ స్టాప్ వేరే అంశం. షెల్టర్ లేకుండా ఉత్త స్తంభం ఉన్నా స్టాప్ స్టాపే. బోర్డుల సంగతి వచ్చింది కాబట్టి, నీలం గుండ్రంలో ఎర్ర గీత ఒక్కటే ఉంటే పార్క్ చేయకూడదని, రెండు గీతలు అడ్డంగా కొట్టేసి ఉంటే అసలు ఆపనే కూడదని. దీన్ని తిరగేసి చెప్పేవాళ్ళని చాలామందిని చూశా.

"స్టాప్‌కి ఇన్ని మీటర్ల దూరం అని రూల్ ఉంది." వాట్సాప్‌లో ఒక్కో గ్రూపులో ఒక్కో అంకె తిరుగుతుంది. 2017 రెగ్యులేషన్స్‌లో 50 మీటర్లు అనే అంకె ఉన్నది జంక్షన్‌లకి, బస్ స్టాప్‌కి "దగ్గర" అనే ఉంది, టేపు పెట్టి కొలిచే అంకె లేదు. మా ఇసుకతోటలోనో హనుమంతవాకలోనో స్టాప్‌లు జంక్షన్ పక్కనే ఉంటాయి కాబట్టి రెండు రూల్సూ తగులుకుంటాయి. నన్నడిగితే బస్సు లోపలికి రావడానికి వెనక ఒక బస్సు పొడుగు, బయటికెళ్ళడానికి ముందు ఇంకొంచెం వదలండి. ఇది రూల్ కాదు, డ్రైవర్‌గా నా లెక్క.

"పది గంటల దాకా బండిని ఎత్తుకెళ్ళకూడదు." ఇది చదివినోడు సెక్షన్ 127 సగమే చదివాడు. పది గంటలనేది వదిలేసి పోయిన బండి గురించి. పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెడితే ఆ పది గంటలతో పని లేదు, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్తే అప్పుడే టోయింగ్ చేయొచ్చు, చక్రానికి క్లాంప్ వేయొచ్చు, ఆ ఖర్చు ఓనర్ మీదే.

"నా షాపు ముందు నా ఇష్టం." షాపు మీది, రోడ్డు మీది కాదు.

"రాత్రి పూట, ఆదివారం పర్లేదు." చట్టంలో వారాలు లేవండీ.

"ఆటోలకి పర్మిషన్ ఉంది." ఆటో స్టాండ్ అని కేటాయించిన చోట ఉంది. నాకు ఆటో అన్నల మీద కోపం లేదు, స్టాండ్లు సరిపడా లేవు అనేది నిజం, సవారీ దొరికేది స్టాప్‌లోనే అనేదీ నిజం. కానీ రూల్ మాత్రం అందరికీ ఒకటే.

"ఫైన్ ఎంత, వందో రెండొందలో కదా, కట్టేస్తాం." 2019 సవరణ తర్వాత చట్టంలో 177ఏ కింద డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉల్లంఘనకి 500 నుంచి 1000 దాకా ఉంది, ట్రాఫిక్‌కి అడ్డం పెట్టినందుకు సెక్షన్ 201 వేరే ఉంది. మీ చలానాలో పడే అంకె రాష్ట్రం ఇచ్చిన జీవోని బట్టి ఉంటుంది. కేసు భారతీయ న్యాయ సంహితలోకి వెళ్తే సెక్షన్ 285 కింద దారికి అడ్డం పెట్టినందుకు 5000 దాకా జరిమానా, పాత ఐపీసీలో ఇది 200 ఉండేది. ఇవి కాక, మీరు పెట్టిన బండి వల్ల యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో తప్పులో వాటా మీ మీద కూడా వేసే అవకాశం ఉంది. "నేను గుద్దలేదు కదా" అనే మాట ప్రతిసారీ నిలబడదు.

లండన్‌లో ఉండే మా మేనల్లుడు చెప్తాడు, అక్కడ బస్ స్టాప్ గీతల్లో కారు ఆపితే ఎవరూ వచ్చి అరవరట, కెమెరా ఫోటో తీసి ఇంటికి ఉత్తరం పంపేస్తారట. ఇక్కడ ఇంకా హారన్ కొట్టి బతిమాలుకునే దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు భయపడేవాళ్ళ గురించి, వీళ్ళంటే నాకు నిజంగా జాలి. మొన్న మా వీధిలో ఒకమ్మాయి అడిగింది, వాళ్ళ నాన్నగారికి డయాలసిస్, వారంలో మూడుసార్లు తీసుకెళ్ళాలి, ఆసుపత్రి ముందంతా బస్ స్టాపే, ఆయన్ని దింపడానికి ఆగితే కూడా కేసేనా అంకుల్ అని. అమ్మా, మనిషిని దింపి వెంటనే కదిలిపోవడం వేరు, దింపి లోపలికెళ్ళి టోకెన్ తీసుకుని రావడం వేరు. వీలైతే ఆసుపత్రి గేటు లోపలికే తీసుకెళ్ళమనండి, పేషెంట్ అని చెప్తే సెక్యూరిటీ వాళ్ళు చాలాచోట్ల వదులుతారు. లేదంటే స్టాప్ దాటాక ముందుకెళ్ళి దింపండి, స్టాప్‌కి వెనక కాదు, ఎందుకంటే బస్సు లోపలికొచ్చే దారి వెనకే ఉంటుంది. ఇంకో మనిషి తోడుంటే ఆయన్ని వాళ్ళకి అప్పజెప్పి బండి తీసుకెళ్ళి పెట్టుకుని రండి. చేయి పట్టుకుని మెల్లగా దింపుతుంటే నేనైనా ఏ బస్సు డ్రైవరైనా ఆగుతాం, దానికి ఎవరూ విసుక్కోరు.

స్టాప్‌లోనే బండి చెడిపోతే? కంగారు పడకండి. అనుకోకుండా చెడిపోయిన బండిని తీయించే ప్రయత్నంలో ఉంటే సెక్షన్ 201 జరిమానా వర్తించదని చట్టంలోనే ఉంది. ఇప్పుడు వేయండి ఆ నాలుగు లైట్లు, ట్రయాంగిల్ ఉంటే వెనక పెట్టండి, మెకానిక్‌కో టోయింగ్‌కో ఫోన్ చేసిన కాల్ ఫోన్‌లో ఉంచుకోండి. బస్సు వస్తుంటే చేయి ఊపి చెప్పండి, మేం చూసుకుంటాం.

చలానా తప్పుగా పడిందనుకుంటే ఫోటో చూడండి, నంబరు ప్లేటు, చోటు, టైము సరిపోతున్నాయా లేదా చూసి ట్రాఫిక్ పోలీసులకి ఫిర్యాదు పెట్టుకోండి. చూడటం, కట్టడం రెండూ ప్రభుత్వ ఈ-చలానా సైట్‌లోనే, అదీ మీరే బ్రౌజర్‌లో తెరిచి. "మీ బండి బస్ స్టాప్‌లో పట్టుబడింది, వివరాలకి ఈ ఫైల్ తెరవండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే మాత్రం ముట్టుకోకండి, అది ఫోన్‌లోకి దూరి బ్యాంకు ఓటీపీలు లాగేసే మోసం, ఏ పోలీసూ చలానాని ఏపీకేగా పంపడు.