పెట్టె మీది 525 రెట్లు

టెలిస్కోప్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అనే. అమ్మేవాళ్లకీ ఈ సంగతి తెలుసు కాబట్టి చవక రకం పెట్టెల మీద 525 రెట్లు అని కొట్టొచ్చినట్టు వేస్తారు. లెక్కలో అబద్ధమేమీ లేదు. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని (లెన్స్ లేదా అద్దం నుంచి వెలుతురు ఒకచోట చేరే బిందువుకున్న దూరం) ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే ఆవర్ధనం, అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందనే లెక్క. 700 మి.మీ. టెలిస్కోప్‌లో 4 మి.మీ. ఐపీస్ పెడితే 175 రెట్లు, దానికి మూడు రెట్ల బార్లో లెన్స్ (ఐపీస్ ముందు పెట్టి ఆవర్ధనాన్ని పెంచేది) తగిలిస్తే 525. కాకపోతే ముందున్న లెన్స్ వ్యాసం చాలాసార్లు 60 మి.మీ. మాత్రమే ఉంటుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంటే 120 దాటాక కొత్తగా కనిపించే వివరం ఉండదు, మసక తప్ప.

ఎందుకంటే టెలిస్కోప్ పోగుచేసే వెలుతురు ఎప్పుడూ అంతే. ఒకే పిండి ముద్దను వెడల్పుగా ఒత్తేకొద్దీ చపాతీ పల్చబడినట్టు, ఆవర్ధనం రెట్టింపైతే బింబం వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. చంద్రుడు, గ్రహాలు తట్టుకుంటాయి గానీ నెబ్యులాలు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు తట్టుకోలేవు.

కొత్తవాళ్ల చేతుల్లో తరచూ కనిపించే 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. నాభ్యంతరం ఉన్న న్యూటోనియన్‌నే (లెన్స్‌కు బదులు అద్దంతో వెలుతురు పోగుచేసే టెలిస్కోప్) తీసుకుందాం. 25 మి.మీ. ప్లోజల్ (మామూలుగా దొరికే ఒక రకం) ఐపీస్ పెడితే 26 రెట్లు. ప్లోజల్ కంటికి చూపే వెడల్పు 52 డిగ్రీలు, దాన్ని 26తో భాగిస్తే ఆకాశంలో 2 డిగ్రీలు. చంద్రబింబం అర డిగ్రీ కదా, నాలుగు చంద్రుళ్లు పక్కపక్కన పట్టేంత జాగా. కృత్తికలు గుంపుగా కనిపిస్తాయి, గురుగ్రహం పక్కన నాలుగు పెద్ద ఉపగ్రహాలూ దొరుకుతాయి. 10 మి.మీ.తో 65 రెట్లకు వెళ్తే శని వలయం గ్రహం నుంచి విడిగా తెలుస్తుంది.

అక్కడి నుంచి 260 రెట్లకు దూకారనుకోండి. అద్దం లెక్కన అది సరిగ్గా పైహద్దు. కానీ చూపు ఆకాశంలో డిగ్రీలో అయిదో వంతుకు కుంచించుకుపోతుంది. భూమి తిరగడం వల్ల గ్రహం ఆ ఇరుకు వలయాన్ని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. మోటారు లేని స్టాండ్ మీద వెతుక్కోవడానికే టైమ్ సరిపోతుంది. పైగా పగలంతా కాగిన డాబా మీద నుంచి చూస్తుంటే, కిందినుంచి లేచే వేడిగాలికి శని అలల మీద ఊగుతున్నట్టుంటుంది. ఏ ఐపీస్ దాన్ని సరిచేయలేదు.

పెద్ద నంబరు ఐపీస్‌కీ హద్దుంది. ఐపీస్ నంబరును టెలిస్కోప్ ఎఫ్ నిష్పత్తితో (నాభ్యంతరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది, ఇక్కడ 5) భాగిస్తే, బయటికొచ్చే వెలుతురు కట్ట వెడల్పు వస్తుంది. 25కి 5 మి.మీ. 40కి 8 మి.మీ. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప తెరుచుకునేదే సుమారు 7 మి.మీ., వయసు మీదపడ్డాక ఇంకా తక్కువ. మిగిలిన వెలుతురు కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం మీద పడి వృథా.

కళ్లజోడు వాళ్ల బాధ వేరు. 6 మి.మీ. ప్లోజల్‌లో కంటిని లెన్స్‌కు 4, 5 మి.మీ. దూరంలోకి తేవాలి, కనురెప్పల వెంట్రుకలు గాజును తాకుతాయి. దూరపు చూపు మాత్రమే మందగించినవాళ్లు జోడు తీసి ఫోకస్ తిప్పుకుంటే చాలు. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు భాగం వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవాళ్లకు మాత్రం, ముఖ్యంగా తక్కువ ఆవర్ధనం దగ్గర, జోడు కావాలి. అలాంటివాళ్లు కంటికి 15 నుంచి 20 మి.మీ. ఎడం ఇచ్చే రకం చూసుకోవాలి. ధర ఎక్కువే, అయినా నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది అక్కడే.

మొదటి కొన్ని నెలలు 25తోనే ఆకాశం తిరిగి, ఆ తర్వాత రెండు రెట్ల మంచి బార్లో ఒకటి కొంటే, 25, 10 మి.మీ. ఐపీస్‌లతోనే 26, 52, 65, 130 రెట్లు చేతికొస్తాయి. ఇక 12, 5 మి.మీ. ఐపీస్‌ల కోసం డబ్బు తగలేయక్కర్లేదు. కొనేటప్పుడు గొట్టం సైజు ఒక్కటి చూసుకోండి: ఇప్పుడు మామూలుగా వచ్చేది 1.25 అంగుళాలది. పాత బొమ్మ టెలిస్కోప్‌లలో 0.965 అంగుళాలవి ఉంటాయి, వాటిలో ఇది దూరదు.