షెడ్యూలు బలం: 2004లో కొట్టేసిన ఒక అంకె

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2025 డిసెంబరులో సెలక్షన్ కమిటీ మూడు ఓటములున్న అలబామాను 12 జట్ల ప్లేఆఫ్‌లోకి తీసుకుని, రెండే ఓటములున్న నోటర్ డేమ్‌ను బయట ఉంచింది. అలబామా ఉన్న సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్సు (ఎస్‌ఈసీ; కాన్ఫరెన్సు అంటే ఎక్కువగా తమలో తాము ఆడుకునే జట్ల కూటమి) 2026 సీజన్ నుంచి తన జట్ల మధ్య ఎనిమిదికి బదులు తొమ్మిది ఆటలు పెడుతోంది. దాంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. ఎన్ని గెలిచారన్నది చూడాలా, ఎవరి మీద గెలిచారన్నది చూడాలా?

130కి పైగా జట్లు, ఒక్కోదానికి డజను ఆటలు. అందరూ అందరితో ఆడే వీలు లేదు కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. టెస్ట్ క్రికెట్ చూసేవారికి ఇది కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌తోనూ ఆస్ట్రేలియాతోనూ సిరీసే లేకుండా దక్షిణాఫ్రికా 2025 ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చేరినప్పుడు ఇదే గొణుగుడు వినిపించింది. ఆ జట్టు లార్డ్స్‌లో ఆస్ట్రేలియానే ఓడించి గద అందుకుంది.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ వాదన ఇంత చేదుగా మారడానికి మూలం 2003 సీజన్ చివరి వారంలో ఉంది. అప్పట్లో ఫైనల్ ఆడే రెండు జట్లను బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్ (బీసీఎస్) సూత్రం తేల్చేది. అందులో షెడ్యూలు బలానికి, అంటే ఆడిన ప్రత్యర్థులు ఎంత గట్టివారన్న కొలతకు, సొంత గడి ఉండేది. ప్రత్యర్థుల గెలుపోటములకు మూడింట రెండు వంతులు, ఆ ప్రత్యర్థులు ఆడిన జట్ల గెలుపోటములకు ఒక వంతు విలువ ఇచ్చి జట్లను వరుసలో పెట్టేవారు. ఆ వరుస సంఖ్యను 25తో భాగించి పోల్స్ (విలేకరులు, కోచ్‌లు ఓటేసి ఇచ్చే ర్యాంకులు) సగటుకు, కంప్యూటర్లు ఇచ్చే ర్యాంకుల సగటుకు, ఓటముల సంఖ్యకు కలిపేవారు. మేటి జట్ల మీద గెలుపులకు కొంత తీసివేసేవారు. మొత్తం ఎంత తక్కువైతే అంత మంచి స్థానం.

ఆ ఏడాది చివరి పట్టికలో ఓక్లహోమాకు 5.11, లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ)కు 5.99, సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)కి 6.15 వచ్చాయి. రెండు పోల్స్‌లోనూ మొదటి స్థానంలో ఉన్న యూఎస్‌సీ మూడో స్థానానికి పడిపోయింది. తన కాన్ఫరెన్సు ఫైనల్లో కాన్సాస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయిన ఓక్లహోమా మొదటి స్థానంలో నిలిచింది. ఇక ఎల్‌ఎస్‌యూకూ యూఎస్‌సీకీ మధ్య తేడా 0.16 మాత్రమే. షెడ్యూలు గడిలో ఎల్‌ఎస్‌యూది 29వ స్థానం, అంటే 1.16. యూఎస్‌సీది 37వ స్థానం, అంటే 1.48. ఆ ఒక్క గడిని పక్కన పెట్టి కూడి చూస్తే యూఎస్‌సీ ముందుంటుంది. దానికి తోడు, యూఎస్‌సీ అంతకుముందే ఓడించిన హవాయి, నోటర్ డేమ్ జట్లు చివరి శనివారం వేరే జట్ల చేతిలో ఓడి దాని అంకెను ఇంకా దిగజార్చాయి. తమ చేతిలో లేని ఆటల మూలంగా ఆ కుర్రాళ్లకు ఫైనల్ దక్కలేదు.

ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ 21-14తో గెలిచింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పోల్‌లో ఓటేసిన విలేకరులు మాత్రం యూఎస్‌సీకే కిరీటం పెట్టారు. 2004 వేసవిలో నిర్వాహకులు షెడ్యూలు గడిని తీసేశారు. ప్రత్యర్థుల బలాన్ని కంప్యూటర్లు ఎలాగూ లెక్కిస్తున్నాయి, రెండుసార్లు లెక్కించడం ఎందుకన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ పోయిన గడి కాగితం, పెన్సిలు ఉన్న ఎవరైనా సరిచూసుకోగలిగినది. మిగిలిన ఆరు కంప్యూటర్ పద్ధతుల్లో చాలావాటి లోపలి లెక్క వాటిని తయారుచేసినవారికే తెలుసు.

ఆ ఏడాదే ఓటమి ఎరుగని ఆబర్న్‌కు ఫైనల్ దక్కలేదు. బౌలింగ్ గ్రీన్ ఒప్పందం నుంచి తప్పుకోవడంతో దాని స్థానంలో ఆబర్న్ చిన్న జట్టయిన సిటడెల్‌తో ఆడింది. ఆ ఆటనే అందరూ ఎత్తిచూపారు. 2014లో కంప్యూటర్లూ పోయి 13 మంది కమిటీ వచ్చింది. షెడ్యూలు బలం అప్పటినుంచి నియమాల్లో ఒక మాటగా మిగిలింది, దానికి ఎంత విలువో చెప్పే అంకె లేదు. తొలి ఏడాదే సదరన్ మెథడిస్ట్ (ఎస్‌ఎంయూ), నార్త్‌వెస్టర్న్ స్టేట్, బఫలో వంటి బలహీన జట్లతో ఆడిన బేలర్‌కు ప్లేఆఫ్ చేరకుండా ఆ మాటే అడ్డొచ్చింది.

దాని బరువు అందరికన్నా ఎక్కువ మోసింది 2017 నాటి సెంట్రల్ ఫ్లోరిడా (యూసీఎఫ్). ఒక్క ఆటా ఓడకపోయినా కమిటీ చివరి పట్టికలో దానిది 12వ స్థానం. జార్జియా టెక్‌తో ఆడవలసిన ఆట హరికేన్ ఇర్మా వల్ల రద్దయింది. చిన్న కాన్ఫరెన్సు జట్టు అడిగినంత మాత్రాన పెద్ద జట్టు మైదానంలోకి దిగదు. షెడ్యూళ్లు ఏళ్ల ముందే ఖరారవుతాయి, ఓడితే పరువు పోయేది పెద్ద జట్టుకే. సీజన్ చివర పీచ్ బౌల్ అనే ప్రత్యేక ఆటలో దొరికిన ఒకే ఒక్క అవకాశంలో యూసీఎఫ్ 34-27తో ఆబర్న్‌ను ఓడించింది. ఆ ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ అంతకుముందు ఓడించిన జట్టు ఆబర్నే. అయినా యూసీఎఫ్‌ది సులువైన షెడ్యూలేనన్నారు. ఎవరితో ఆడాలో నిర్ణయించే అధికారం లేని జట్టును, ఎవరితో ఆడలేదన్న లెక్కతో కొలవడం నాకు న్యాయంగా తోచదు.

ఎస్‌ఈసీ వాదన కూడా తెలిసిందే: తమ కాన్ఫరెన్సులో ప్రతి వారం యుద్ధమే, అక్కడి ఓటమి వేరేచోట గెలుపుతో సమానం. 2024లో మూడు ఓటముల అలబామాను వదిలి ఎస్‌ఎంయూను తీసుకున్నప్పుడు ఆ వాదన గట్టిగా వినిపించింది. ఆ ఓటముల్లో రెండు, ఆ ఏడాది అంతంతమాత్రంగా ఆడిన వాండర్‌బిల్ట్, ఓక్లహోమాల చేతిలోవి. నవంబరు మధ్యలో అలబామా ఆడింది చిన్న జట్టయిన మెర్సర్‌తో. అదే ఏడాది షెడ్యూలు తేలికని ఎక్కువ మాటలు పడిన ఇండియానా, 2025లో ఒక్క ఆటా ఓడకుండా జాతీయ టైటిల్ గెలిచింది. ఆ దారిలో రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ ఆటలో అలబామాను 38-3తో ఓడించింది.

2025 ఆగస్టులో కమిటీ తన కొలమానాలు మార్చింది. బలమైన జట్లతో ఆడిన ఆటలకు విలువ పెంచింది, అలాంటి జట్ల చేతిలో ఓడినవారికి శిక్ష తగ్గించే మరో కొలతను చేర్చింది. ఎస్‌ఈసీ తొమ్మిదో ఆట నిర్ణయం ప్రకటించింది కూడా ఆ నెలలోనే. 16 జట్లు తలా ఒక ఆట తమలో తాము అదనంగా ఆడితే, ఆ కాన్ఫరెన్సులో ఏటా ఎనిమిది ఓటములు కొత్తగా వచ్చి చేరతాయి. ఆ ఎనిమిదింటినీ కమిటీ ఓటములుగా లెక్కిస్తుందా, షెడ్యూలు బలానికి రుజువుగా లెక్కిస్తుందా అన్నది 2026 డిసెంబరులో తేలాలి.